కాంటెస్సాలో కంబళి

నేను చేసిన తప్పులన్నీ తోలుకొచ్చి సంతలో కట్టేస్తే గొర్రెలకు జాగా ఉండదు. వాటిల్లో కొమ్ములు తిరిగిన తప్పొకటి ఉండాది. ఆ కథే ఇప్పుడు చెప్పబోతాండా. చదివేటప్పుడు నోట్లో నీళ్లు పెట్టుకోవద్దండి, పొలమారితే నాకు సంబంధం లేదు.

ఆరేండ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై ఆరు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి, తలలో సగం తెల్ల వెంట్రుకలు, కొంచెం బొజ్జ, అన్నీ వయసుకు తగినట్టే ఉండాయి. బుద్ధి మాత్రం పద్దెనిమిది దగ్గరే బ్రేకేసి నిలబడిపోయింది.

పద్దెనిమిదేండ్లప్పుడు నేను హిందూపురంలో కాలేజీ చదివినా. నాకు తెలిసి ఊరికంతా ఒకటే కాంటెస్సా కారు. నల్లది. చింతపండు మండీ పెద్దాయన బండి. దాని ముక్కు మలుపు తిరిగినాక, మనం ఒక టీ తాగి వస్తే అప్పుడు తోక తిరిగేది. ఒకరోజు దాని అద్దంలో తల దువ్వుకుంటాంటే, డ్రైవరు వెనకనుంచి వచ్చి తుడిచే గుడ్డతో ఈపు మీద ఒక్కటేసినాడు. ఆ మంట సాయంత్రానికి పోయింది. కారు మీద ఆశ పోలేదు.

ఆ పెద్దాయన పోయినాడనీ, కారు షెడ్డులోనే ఉండాదనీ, మనవడు రంగప్పకు పాత జీపులంటే పిచ్చనీ నా చెవిన పడింది. మా నాయన వాడిన జీపు నా దగ్గర ఉండాది. ఎత్తు ఎక్కమంటే ఏనుగు, నిలబడమంటే మొండి ఎద్దు. ఇంకేం కావల్ల? ఫోన్లోనే మాట్లాడుకున్నాం. నీ బండి నాకు, నా బండి నీకు.

బయల్దేరేటప్పుడు నా పెండ్లాము సుజాత గడప మీద నిలబడింది.

"ఒక ముసలి బండి ఇచ్చి ఇంకో ముసలి బండి తెచ్చుకునేదానికి అంతదూరం పోవల్లనా?"

"అది బండి కాదే, నా యవ్వనం."

"యవ్వనానికి ఇన్సూరెన్సు ఉండాదా?"

ఇట్లాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేవాడు మగాడే కాదని జీపెక్కినా.

హిందూపురంలో రంగప్ప నా జీపు చుట్టూ మూడుసార్లు తిరిగినాడు. ఎక్కి కూర్చున్నాడు, దిగినాడు, మళ్లీ ఎక్కినాడు. నేను కాంటెస్సా బానెట్టు మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నా. ఇద్దరు పెండ్లికొడుకులు పెండ్లిచూపులకు వచ్చినట్టు ఉండాదా యవ్వారం. అప్పుడు రంగప్ప గొంతు తగ్గించినాడు.

"మెల్లగా మాట్లాడు శీనప్పా. మా అవ్వ భోంచేసి పడుకోనుండాది. ఈ సంగతి ఆయమ్మకు తెలీదు."

"ఆయమ్మకు తెలియకుంటే ఏమప్పా?"

"బండి ఆయమ్మ పేరు మీద ఉండాది."

బుద్ధి ఉండేవాడైతే ఆడనుంచే వెనక్కి తిరిగి వచ్చేవాడు. నేనేమన్నానో తెలుసునా? "సంతకం తర్వాత తీసుకుందాంలే" అన్నా!

"స్టార్ట్ చెయ్యొద్దు. ఆ శబ్దానికి అవ్వ లేస్తే గేటు దాటనీదు" అన్నాడు రంగప్ప.

సరేనని ఇద్దరం కారును షెడ్డులోనుంచి వీధి చివరిదాకా తోసినాం. నలభై దాటిన ఇద్దరు మనుషులు, మిట్టమధ్యాహ్నం, పిల్లులు పాలగిన్నె దగ్గర నడిచినట్టు నడుస్తా, సొంత కారును దొంగతనం చేసినాం. నేను కారు ఎక్కేముందు వెనక సీటు మీద ఒక గొర్రెబొచ్చు కంబళి కుప్పగా కనపడింది. కారుతో పాటు కంబళి గూడా ఇస్తాండాడు, ఎంత మంచి మనిషి అనుకున్నా.

పెనుకొండ దారి పట్టినాక నా వైభవం చూడల్ల మీరు! మోచెయ్యి కిటికీ మీద, మీసం గాలిలో. గొర్రెలకాపరులు కర్ర దించి చూస్తాండారు. బస్సులో ఎవరో నన్ను చూసి దండం పెట్టినారు. రోడ్డుపక్కన గుడి ఉండాదని తర్వాత తెలిసింది.

సోమందేపల్లి దాటినాక ఫోను మోగింది. పక్కకు ఆపినా. రంగప్ప.

"శీనప్పా, మా అవ్వ కనపళ్లేదప్పా!"

"పక్కింట్లో చూసినావా?"

"చూసినా."

"గుళ్లో?"

"ఆడా లేదు."

నేను ఊరికే ఉంటానా? "పెద్దోళ్లను ఇంత నిర్లక్ష్యంగా చూస్తే ఎట్లప్పా? ఆమె యాడ కూర్చుంటాది, యాడ పండుకుంటాది, ఇంట్లోవాళ్లకు తెలియద్దా?" అని పదినిమిషాలు గడ్డిపెట్టినా. పాపం, ఏడుపుగొంతుతో "తప్పేనప్పా" అన్నాడు.

పెనుకొండ కొండ కనపడేసరికి కంబళి దగ్గింది.

తర్వాత కంబళి లేచి కూర్చుంది. తర్వాత కంబళిలోనుంచి ఒక ముఖం వచ్చింది.

"ఎవరప్పా నువ్వు? డ్రైవరు మారినాడా?"

బ్రేకు తొక్కినా. కారు మూడు విడతలుగా ఆగింది, నా గుండె మాత్రం ఒకే విడతలో.

అవ్వా కావాలి, బువ్వా కావాలి అని సామెత. నేను బువ్వ ఒక్కటే కదండీ అడిగింది!

"అవ్వా, నువ్వు... ఈడ..."

"మధ్యాహ్నం నిద్ర నాకు ఈ సీటు మీదనే, ఇంట్లోవాళ్లకు తెలీదు. మంచంలో నడుము పట్టుకుంటాది. నువ్వు యాడికి పోతాండావు నా కారులో?"

దాచేదానికి ఏముండాది? జీపు, మార్పిడి, తోసింది, అంతా చెప్పినా. ఆమె గుడ్లప్పగించి విని, "నన్ను అడగకుండానే? మా రంగకు బుద్ధి లేదు, సరే. నీకు?" అంది. రంగప్పకు ఫోను చేసినా. ఎత్తింది రంగప్ప చిన్నాయన.

"అయ్యా, మీ ఇంటి అవ్వ నా దగ్గర ఉండాది."

"ఎవడ్రా నువ్వు? ఏం కావల్ల నీకు?"

"నాకేం వద్దయ్యా. కారొక్కటి చాలు."

"ఒరే, మా అమ్మను పట్టుకోనిపోయి కారడుగుతాండాడు! పోలీసోళ్లను పిలవండ్రా!"

అవతల ఆడోళ్ల కేకలు. అవ్వ నా చేతిలోనుంచి ఫోను లాక్కునింది. "అరవొద్దు. రంగకు ఇయ్యి... ఒరే రంగా, నేను పెనుకొండ దగ్గర ఉండా."

"జీపేసుకోని వస్తాండా అవ్వా!"

"ఆ కుదుపులబండిలో నా నడుము ఇరగల్లనా? నా కారులోనే వస్తా, పొద్దు మునిగేలోపల." ఫోను పెట్టేసి నా తట్టు తిరిగింది. "ధర్మవరం ఇంకెంత దూరం?"

"గంట, అవ్వా."

"పద."

దారి పొడుగునా నాకు గేర్లు చెప్పింది. డ్రైవింగు రాదు, కానీ ముప్పై ఏండ్లు ఆ ఇంజను పాట విన్న మనిషి. "ఇప్పుడు మూడుకు పో. తొందరేమి?" పెద్దాయన బతికుండగా ఆదివారమైతే ఇద్దరూ పెనుకొండ దాకా వచ్చి పోయేవాళ్లంట.

"ఆయన పోయినాక దీన్ని ఎవరూ కదిలించలేదప్పా, షెడ్డులోనే స్టార్ట్ చేసి ఆపేస్తారు. పొద్దున షెడ్డులో కదిలినట్టయింది గదా... కల అనుకున్నా. అందుకే కండ్లు తెరవలేదు. తెరిస్తే ఆగిపోతాదని."

పొద్దున కాదు, మధ్యాహ్నం. నేను సరిదిద్దలేదు. గేరు తగ్గించి మెల్లగా పోనిచ్చినా.

మా అంగడి ముందర కారు ఆగితే సుజాత బయటికొచ్చింది. వెనక తలుపు తీసుకోని అవ్వ దిగింది.

"కారు తెస్తానని పోయి అవ్వను తెచ్చినావేమి?"

"నేనే ఓనరు, అమ్మాయీ. ఈయన నా డ్రైవరు" అంది అవ్వ.

సుజాత అంత నవ్వింది నేను మా పెండ్లిలో గూడా చూడలేదు. కాఫీ తాగినారు, పదారు చీరలు విప్పించి ఒకటి ఎంచినారు. ఇద్దరూ వెనక సీటెక్కి, నన్ను ముందర కూర్చోబెట్టి, మళ్లీ హిందూపురానికి బయల్దేరదీసినారు.

వీధి వీధంతా ఎదురుచూస్తాండాది. కాంటెస్సా మలుపు తిరిగిందో లేదో పిల్లలు ఈలలు, ఆడోళ్లు హారతి. పట్టుచీర కట్టుకోని అవ్వ దిగుతాంటే రంగప్ప తల వంచుకున్నాడు. చిన్నాయన నన్ను చూసి "నువ్వేనా వాడు?" అని, తర్వాత నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు.

అవ్వ తిన్నె మీద కూర్చోని కాగితాలు తెప్పించింది. ఒక్కో అక్షరం కొండెక్కినట్టు సంతకం పెట్టింది.

"కారు నీది. నెలకొక ఆదివారం నాది. ఒప్పుకుంటావా?"

నేను ఎగిరి గంతేసినా! పద్దెనిమిదేండ్లప్పటి నా కల నా పేరు మీదికి వచ్చింది. ఈ ఆరేండ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు. అవ్వా, సుజాతా వెనక కూర్చోని నా డ్రైవింగు మీద తీర్పులు చెప్తారు. రంగప్ప జీపులో మా దుమ్ము తింటా వెనక వస్తాడు.

అయినా తప్పు తప్పే. కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తాండా: ఇకమీదట వెనక సీటు తడిమి చూడకుండా ఏ బండినీ కదిలించను. మొన్న ఆటో ఎక్కుతా గూడా సీటు వెనక తొంగి చూసినా.

"ఏం పోగొట్టుకున్నావప్పా?" అన్నాడు ఆటోవాడు.

ఎవరూ లేరు. నిజం చెప్పల్లంటే, కొంచెం దిగులేసింది.