నేను మళ్ళీ కట్టలేకపోయిన అమెరికా ఊరు

మైకు ఒకసారి చేతికొస్తే వదలకూడదని ఈ కాలం పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ జ్ఞానం మా హంసలదీవి వైపు ఆడపిల్లలకు ఉండేది కాదు. ఉండుంటే ఒక అమెరికా ఊరు అన్యాయంగా బూడిదై మిగిలేది కాదు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా చర్చికి ఒక అమెరికా మామ్మగారు వస్తున్నారన్నారు. వచ్చినావిడ ఊరి గురించి మన పిల్లలెవరైనా నాలుగు మాటలు చెబితే మర్యాదగా ఉంటుందని అయ్యగారు (మేం పాస్టరుగారిని అలాగే అంటాం) ఆ పని నాకు అప్పగించారు. మా ఇంటిల్లిపాదిలో స్టేజీ ఎక్కబోయే మొదటిదాన్ని నేనే. అవనిగడ్డ నెట్ సెంటర్లో కూర్చుని ఆ ఊరి చరిత్రా భూగోళమూ బట్టీ పట్టేశాను. చుట్టూ కొండలు, కొండల నిండా పైన్ చెట్లు, మధ్యలో ఏరు. చలికాలంలో నరికిన దుంగల్ని మంచు మీద ఏటి దాకా జార్చేవారట. మంచు కరిగి ఏరు పొంగగానే వదిలేస్తే దిగువనున్న కోతమిల్లుకి కొట్టుకొచ్చేవట. (నేనెరిగిన అడవల్లా మడ అడవి. ఆ బురదలో దుంగ సంగతి అటుంచి మనిషే కదల్లేడు.) తర్వాత ఊరంతా తగలబడటం, ఇటుకలతో మళ్ళీ కట్టుకోవడం, రైలు రావడం. ఆ కట్టుకోవడమే నా ప్రసంగానికి ప్రాణం. ఊరు కాలిందని చెప్పి కాసేపు ఆగాలి, జనం ఊపిరి బిగబట్టాక "అయినా వాళ్ళు కుంగిపోలేదు" అని గొంతు పెంచాలి. అద్దం ముందు అలాగే సాధన చేశాను.

తీరా ఆ రోజు సభ నడిపింది మైకు మావయ్య. సంఘానికి కార్యదర్శి. ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. పెద్దల పరిచయం, దండలు, స్త్రీల సమాజం తరఫున శాలువా, యూత్ తరఫున శాలువా, ఆఖరికి వంటవాళ్ళ తరఫున కూడా శాలువా. ఆ ఉక్కలో మామ్మగారు శాలువాల అడుగున ఎక్కడో ఉన్నారు. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, "రెండు ముక్కల్లో కానియ్యమ్మా, అన్నాలు చల్లారిపోతున్నాయి" అన్నాడు. శాలువాలప్పుడు ఏమైందండీ ఈ తొందర?

"మిల్లులో రంపం పొట్టుకి నిప్పంటుకుంది. గాలి తోడైంది. సాయంత్రానికి ఊళ్ళో ఒక్క ఇల్లు మిగల్లేదు" అని చెప్పి, సాధన చేసినట్టే ఆగాను. అంతే, మావయ్య మైకు లాగేసుకున్నాడు. "అమ్మాయి చాలా బాగా చెప్పిందండీ. ఇల్లూవాకిలీ పోయిన ఆ ఊరి కోసం అయ్యగారు ప్రార్థన చేస్తారు."

మా దివిసీమలో ఇల్లు కాలిందంటే ఎప్పుడు, ఎలా అని ఎవరూ అడగరు. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆమెన్ అనేసరికి సగం మంది ఆడవాళ్ళు చర్చిలో లేరు. కాసేపట్లో మామ్మగారి ముందు బియ్యం, గిన్నెలు, చాప, దుప్పటి చేరాయి. మా ఎదురింటి పిన్ని కట్టుకోకుండా దాచుకున్న కొత్త చీరే పట్టుకొచ్చింది.

"పిన్నీ, అది ఎప్పుడో ఆవిడ పుట్టకముందు సంగతి. మళ్ళీ కట్టుకున్నారు కూడా" అని మొత్తుకున్నాను.

"ఊరుకోవే. కట్టుగుడ్డలతో వచ్చిన మనిషి ముందు ఆ మాటలేంటి" అని కసిరింది.

మామ్మగారు తెల్లబోయి నా వైపు చూశారు. నాకొచ్చిన ఇంగ్లీషులో జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వబోయి, ఎదురుగా నీళ్ళు నిండిన కళ్ళతో నిలబడ్డ పిన్నిని చూసి ఆగిపోయారు. చీర రెండు చేతులా అందుకున్నారు. బియ్యం కూడా కార్లో పెట్టించుకునే వెళ్ళారు. అందరూ తృప్తిగా భోజనాలకి లేచారు. నా ప్రసంగం మాత్రం కాలిన ఊళ్ళోనే ఆగిపోయింది. ఇటుకల్లేవు, రైలు లేదు, నా గొంతు పెంచడమూ లేదు.

ఇప్పుడు గుడివాడ కాలేజీలో గంటల తరబడి పాఠం చెబుతాను, ఎవరూ మైకు లాక్కోరు. అయినా ఆ కోపం చావలేదు. మొన్న ఊరెళితే పిన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ అమెరికా మామ్మ వాళ్ళు ఊరు మళ్ళీ కట్టుకున్నారంటావా?" అని అడిగింది. ఎన్నాళ్ళకి దొరికిందండీ అవకాశం. గొంతు సవరించుకున్నాను.

"కట్టుకున్నారు పిన్నీ. ఈసారి ఇటుకలతో..."

"పోన్లే తల్లీ. మన బియ్యం అక్కరకొచ్చినట్టే" అంది.

తర్వాత రైలు గురించి చెప్పాలి. చెప్పలేదు.

"అవును పిన్నీ, మన బియ్యమే" అన్నాను.