మేనత్త టెట్ రాసిన ఏడు

ఈ ఉదయం నెల్లూరులో ఓ పరీక్షా కేంద్రం ముందు నేనెక్కిన ఆటో రద్దీలో ఆగిపోయింది. గేటు దగ్గర హాల్‌టికెట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లలో సగం మంది తల నెరిసినవాళ్లే. పిల్లల్ని దింపడానికి వచ్చారేమో అనుకుంటే, పిల్లలే వాళ్లను దింపి వెళ్తున్నారు. టీచరుగా అర్హత ఉందని తేల్చే టెట్ రాయడానికి వచ్చిన టీచర్లే వాళ్లంతా. మా మేనత్త గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

అత్తది బిట్రగుంట. బోగోలు అవతల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న బడిలో టీచరు. అక్కడ ఒకప్పుడు తల్లులకూ, తర్వాత వాళ్ల పిల్లలకూ కూడా అక్షరాలు దిద్దించాక, సర్వీసులో ఉన్నవాళ్లూ టెట్ పాసవ్వాలని, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలని కబురొచ్చింది. జీతం సంగతి ఎలా ఉన్నా, ఆ బడి లేకుండా బతకడం ఆవిడ వల్ల కాదు. ఎవరికైనా చెబితే తప్ప ఆవిడకు ఏదీ బుర్రకెక్కదు. అందుకని సాయంత్రం కాగానే, రైల్వేలో రిటైరైన మామను వసారాలో కూర్చోబెట్టి, హాజరు పిలిచి మరీ శిశు మనస్తత్వ శాస్త్రం చెప్పేది. చుట్టపుచూపుగా వెళ్లిన పాపానికి నేనూ ఆ తరగతిలో చేరాను. మామ కాసేపటికే గురక పెట్టేవాడు. తట్టబోతే అత్త నా చెయ్యి పట్టుకునేది. "లేపబాక. నిద్ర చాలనోడికి పాఠమెట్టా ఎక్కద్ది?" అని గొంతు తగ్గించి చెప్పుకుపోయేది. బడిలోనూ అంతే. తెల్లవారుజామునే అమ్మానాన్నలతో వలల దగ్గరికి వెళ్లొచ్చిన పిల్లలు తూగుతారని వెనక ఒక చాప పరిచి ఉంచేది.

తీరా కంప్యూటర్ మీద రాసే ఆ పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది, తరగతిలో నిద్రపోయే పిల్లవాణ్ని ఏం చేయాలని. అత్త బయటికొస్తూనే నన్ను చూసి బావురుమంది.

"నాలుగు జవాబులూ లేపమనే అంటుండాయబ్బయ్యా! ఏదని నొక్కేది? దాని ముందరే కూర్చుండిపోయినా. కడాన లెక్కలన్నీ మిగిలిపోయినాయి."

ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. చర్చి ప్రార్థనలో మాత్రం మామ గొంతు అందరికన్నా గట్టిగా వినిపించేదట. నేను మళ్లీ వెళ్లిన శనివారం సాయంత్రం నా ఫోన్లోనే చూశాం. పాసైంది! అత్త నమ్మక, మామ చేత ఇంకోసారి చదివించుకుని, కొంగు ముఖాన కప్పుకుని ఏడ్చింది. ఆ సంతోషంలో మామ పెట్టిన కాఫీలో చక్కెర లేదని ఎవరూ గమనించలేదు.

మర్నాడు ఆదివారం. చర్చి గంట కొట్టినా అత్త లేవలేదు. పిలవబోతుంటే మామ నోటి మీద వేలు పెట్టుకుని, రేడియో కట్టేశాడు.

"లేపబాకబ్బయ్యా. ఇన్నాళ్లకు నిద్రపోయింది. దేవుడేమీ అనుకోడులే."

ఆటో కదిలింది. కాలం ఏ వయసులోనైనా మనల్ని మళ్లీ విద్యార్థుల్ని చేసి కూర్చోబెడుతుంది. గేటు లోపలికి వెళ్తున్న వాళ్లందరికీ, ఇది గట్టెక్కాక, ఎవరూ లేపని ఒక ఆదివారం దొరికితే బాగుండుననిపించింది.