నాంపల్లిలో తిట్లు దొరికే ఇల్లు

నాంపల్లి స్టేషను వెనక సందుల్లో రేకులింటి జయమ్మ నోరంటే తెలియనివాళ్ళు లేరు. ఊరందరికీ నీళ్ళపాలు పోసేవాడు కూడా ఆ గుమ్మం దగ్గర మాత్రం చిక్కటి పాలు పోసి, తల వంచుకుని పోయేవాడు. కుళాయి దగ్గర వరస తప్పుదామని చూసినవాళ్ళు ఆవిడ బిందె కనబడగానే బుద్ధిగా వెనక్కి జరిగేవాళ్ళు. మొగుడు అంజయ్య అబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. పగలంతా ఆ గరగర విన్నవాడికి ఇంట్లో చప్పుడు ఒక లెక్కా అని ఇరుగుపొరుగు నవ్వితే, ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

అంత నోరున్న మనిషి పిల్లల్ని మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీసినా, ఎండబెట్టిన మిరపకాయలు తొక్కినా, లోపలికి పోయి తలుపు వేసుకునేది. అది మంచితనం అనుకునేరు. కాదు, భయం.

ఒకప్పుడు ఆవిడ తమ్ముడు వామన్‌రావు, మరదలు శశికళ ఆ ఇంట్లోనే పక్క వాటాలో ఉండేవాళ్ళు. వాళ్ళ కొడుకు బాలకిషన్‌కి ఐదేళ్ళు. జయమ్మకి పిల్లలు లేరు. వాడు తిన్నదీ పడుకున్నదీ ఎక్కువ మేనత్త దగ్గరే. ఒకరోజు వాడు పరుగెత్తుకుంటూ వచ్చి పచ్చడి జాడీ తన్నేశాడు. "నీ కాళ్ళిరుగ, జర నిల్వలేవురా సచ్చినోడా!" అంది జయమ్మ. ఆ మాట అనని ఇల్లు ఆ సందులో లేదు. పూటకి పదిసార్లు అంటారు, ఆ నోటితోనే ముద్ద కలిపి పెడతారు. కానీ మూడోనాటికి పిల్లవాడికి జ్వరం వచ్చింది. గొంతు వాచింది. వారం తిరక్కుండా పోయాడు.

శవాన్ని ఇంకా గుమ్మం దాటించలేదు. శశికళ అందరి ముందూ వేలు చూపించి అంది: "నీ నోరే మింగింది నా కొడుకును."

వామన్‌రావు కాదనలేదు, ఔననలేదు. నెల తిరిగేసరికి సామాను బండికెత్తి చాదర్‌ఘాట్‌లో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడి నోట ఒక్క మాట రాకపోవడమే జయమ్మని ఎక్కువ కోసింది. ఆ తరవాత సందులో తల్లులు ఆ ఇంటి ముందు నుంచి పిల్లల్ని రెక్క పట్టి గబగబా నడిపించుకుపోయేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత చెప్పేవాళ్ళు ఎక్కడా తక్కువ కాదు. అది చెప్పినవాళ్ళ నోళ్ళు ఎంత మంచివో మనం అడగొద్దు. కానీ కొన్నాళ్ళకి జయమ్మే నమ్మింది. ఒంటరిగా ఉన్నప్పుడు అద్దంలో తన నోటి వంక చూసుకునేది.

ఇదంతా జరిగిన నాలుగేళ్ళకి, రాజధాని హైదరాబాదు అయినాక, కర్నూలు నుంచి ఆఫీసులతో పాటు గుమాస్తాలూ పెట్టెలూ బుట్టలతో దిగారు. అలా దిగినవాళ్ళలో తెనాలి వైపు మనిషి గోపాలరావు, అతని భార్య కామాక్షి ఆ సందు మొదట్లో కిరాయికి చేరారు. వాళ్ళకి ఐదేళ్ళ కూతురు, బుజ్జమ్మ.

ఆ ఏడు వినాయకచవితినాడు కథ చదువుతుంటే బుజ్జమ్మ నిద్రపోయింది. నెత్తిన అక్షింతలు పడలేదు. సాయంత్రం లేచి, వీధి అరుగు మీదికి పోయి, "అమ్మా, చందమామ!" అని అరిచింది.

కామాక్షి పరుగున వచ్చి పిల్ల కళ్ళు మూసింది. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు తప్పవు. చెయ్యని తప్పు నెత్తిన పడుతుంది. దానికి వాళ్ళ వైపు ఒక విరుగుడుంది: ఎవరింటి మీదనైనా చిన్న రాయి వేసి, ఆ ఇంటివాళ్ళ చేత తిట్లు తినాలి. తిట్టు పడిందంటే నింద తీరిపోయినట్టే. తెనాలిలో అయితే చింతే లేదు. ఏ పెంకుటింటి మీద వేసినా పావుగంట ఆపకుండా తిట్టే మహాతల్లులున్నారు. ఇది కొత్త ఊరు. ఇక్కడ తిట్లు ఎక్కడ దొరుకుతాయి?

గోపాలరావు ఆఫీసు ఫైలు చూసినంత శ్రద్ధగా ఆలోచించాడు. "బషీర్‌బాగ్ బంగళాల మీద వేస్తే కుక్క వస్తుందే, తిట్టు రాదు. అబిడ్స్‌లో కింద కొట్లు, పైన ఇళ్ళు. రాయి ఏ షాపు అద్దానికో తగిలితే పోలీసే వస్తాడు. మన పక్కింటి సాహెబుగారి సంగతి నీకు తెలుసుగా. మొన్న బంతి తగిలితే, 'దెబ్బ తగిలిందా బేటీ' అని దీన్నే అడిగి బిస్కట్టు పెట్టాడు. ఆయన తిట్టడు."

అప్పుడు కామాక్షికి కుళాయి దగ్గర విన్న మాట గుర్తొచ్చింది. "రేకులిల్లు ఉందిటండీ. అటు పిల్లల్ని తీసుకుపోవద్దు, ఆవిడ నోరు మంచిది కాదు అన్నారు."

"మరి ఇంకేం!" అన్నాడు గోపాలరావు.

ఎందుకు పోవద్దన్నారో ఆ మొగుడూ పెళ్ళాలు అడగలేదు. ఊరికి కొత్త కదా.

జయమ్మ పొయ్యి దగ్గర ఉండగా రేకు మీద ఠంగుమంది. "ఎవడ్రా వాడు!" అంటూ చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మంలో పట్టు పరికిణీ కట్టుకున్న పిల్ల, చేతులు వెనక్కి పెట్టుకుని, ఆశగా నిలబడి ఉంది. జయమ్మ చీపురు గోడకి ఆనించి లోపలికి తిరిగింది.

"పిన్నిగారూ, పిన్నిగారూ! వెళ్ళకండి. మా పిల్లని తిట్టండి" అంది పిల్ల వెనకనున్న కామాక్షి.

"ఏందమ్మా, పిల్లను తిట్టుమంటవా? మతి ఉండే అంటున్నవా?"

కామాక్షి చంద్రుడి సంగతీ నింద సంగతీ గడగడా చెప్పింది. జయమ్మ గుమ్మం పట్టుకుని వింది. చెయ్యని తప్పు నెత్తిన పడుతుందన్న మాట దగ్గర ఆవిడ కళ్ళు పిల్ల మీదే నిలిచాయి. బాలకిషన్ పోయిన ఏడు తను చంద్రుణ్ణి చూసిందా? ఎంత తలచుకున్నా జ్ఞాపకం రాలేదు.

"గట్లనా... గని నాతోని వద్దమ్మా. నా నోరు మంచిది కాదు."

"మంచిది కాదనే కదండీ వచ్చాం!" అంది కామాక్షి.

జయమ్మకి నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. తిట్టకపోతే ఈ పిల్ల మీద ఎవరో వేలు చూపిస్తారు. తిడితే... చావు మాట వద్దు, రోగం మాట వద్దు, కాలూ చెయ్యీ మాట అసలే వద్దు. నోటికి అలవాటైన తిట్లన్నీ ఒక్కొక్కటే పక్కకి నెట్టి, చివరికి అంది: "నీ... నీ నెత్తిల పేన్లు పెండ్లి చేసుకోను!"

బుజ్జమ్మ కిసుక్కున నవ్వింది. జయమ్మకి కొంచెం ధైర్యం వచ్చింది. "నవ్వుతున్నవా? నీ పలకకు బొక్క వడ! నీ గాజులు పిల్లి ఎత్తుకపోను! నా రేకుల మీద రాయి ఏస్తవా, దొంగపోరీ?" అంటూ గొంతు పెంచింది. నాలుగేళ్ళ తరవాత ఆ గొంతు పిల్లల మీద లేవడం విని సందులో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. తిట్టడం అయ్యాక పిల్ల చేతిలో రెండు కుడుములు పెట్టింది.

ఆ రాత్రి ఆవిడకి కునుకు లేదు. "ఏం చేస్తిని? పిల్లకు ఏమన్న అయితే?" అని అంజయ్యని మూడుసార్లు లేపింది. తెల్లారకముందే పోయి కామాక్షి గుమ్మం ఎదుట నిలబడింది. ఏడు గంటలకి బుజ్జమ్మ పళ్ళపొడి మూతికి పూసుకుని బయటికొచ్చి, "తిట్లమామ్మా!" అని చెయ్యూపింది. జయమ్మ ఇంటికొచ్చి, నిన్న తిననిది కూడా కలిపి రెండు పూటల అన్నం ఒక్కసారే తినేసింది.

మరుసటేడు నలుగురు పిల్లలొచ్చారు. ఆ మరుసటేడు లక్డీకాపూల్ నుంచి, బషీర్‌బాగ్ నుంచి రిక్షాల్లో దిగారు. ఆఫీసుల్లో కోస్తావాళ్ళ మధ్య చవితి ముందు రోజుల్లో అదే మాట: తిట్లకి నాంపల్లి మంచిదండీ. రేకులు కాబట్టి రాయి వేసినట్టు తెలుస్తుంది, కుక్కలు లేవు, ఆవిడ ఎవరినీ వట్టి చేతులతో పంపదు. సందులో తల్లులు కూడా తమ పిల్లల్ని రెక్క వదిలి పంపడం మొదలుపెట్టారు. ఆ పిల్లల్లో సగంమంది చంద్రుణ్ణి చూడనే లేదు. కుడుముల కోసం అబద్ధమాడారు.

ఒకసారి కోదండరామయ్యగారనే పెద్దమనిషి మనవణ్ణి తీసుకొచ్చి, అంతా విని పెదవి విరిచాడు. "ఇవేం తిట్లమ్మా? గాలిపటం తీగకి చిక్కుకోవాలట, లాగు నాడా ఊడిపోవాలట! వీటితో దోషం పోతుందా?" అన్నాడు. జయమ్మ ఆయన వంక ఒక్క క్షణం చూసి, పెద్దవాళ్ళ కోసం దాచుకున్న సరుకు బయటికి తీసింది. కోదండరామయ్యగారికి ఆ ఏడు మాత్రమే కాదు, జన్మలో ఇక ఏ నిందా అంటదని చూసినవాళ్ళు తేల్చారు.

ప్రతి చవితి మర్నాడూ ఆవిడ పని ఒకటే. తను తిట్టిన ప్రతి పిల్లనూ చూసి రావడం. నడుస్తూ లక్డీకాపూల్ దాకా పోయేది, అక్కడి నుంచి బషీర్‌బాగ్ పోయేది. "గిట్ల పోతుంటి, జర మంచినీళ్ళిస్తవా బిడ్డా" అనేది. నీళ్ళు తాగుతూ పిల్ల ఎక్కడని కళ్ళతో వెతికేది. దొరికితే నుదురు ముట్టి చూసేది. ప్రేమ అనుకున్నారు వాళ్ళంతా. ప్రేమే, కాదనను. కానీ ఆ చెయ్యి వేడి కోసం వెతుకుతున్నదని అంజయ్యకొక్కడికే తెలుసు. ఏళ్ళు గడిచినా ఆ నడక తగ్గలేదు. ఎంతమంది పిల్లలు చల్లగా ఉన్నా, ఒక్క పిల్లవాడి లెక్క తేలకుండానే ఉంది కదా.

బుజ్జమ్మ ఓణీలు వేసిన ఏడు, చవితి సాయంత్రం వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, రేకు మీద మళ్ళీ ఒక రాయి పడింది. జయమ్మ బయటికొచ్చింది. నాలుగేళ్ళ పిల్లవాడు. వాడి వెనక, చెంగు భుజాల మీదుగా కప్పుకుని శశికళ.

పదమూడేళ్ళు. జుట్టు ముందు భాగం తెల్లబడింది.

"వీడు ఇంద్రసేన" అంది శశికళ. "చంద్రున్ని చూసిండు. మా పక్కింట్ల కిరాయికుండే ఆంధ్రోల్లు చెప్పిన్రు, నాంపల్లిల రేకులింటామె తిట్టిన పిల్లగాండ్లు సల్లగుంటరని, తెల్లారి ఆమెనే నడిచొచ్చి చూసిపోతదని. తిట్టు వదినె."

జయమ్మ వెనక్కి రెండడుగులు వేసింది. "నేను తిట్టలేను. వీన్ని తిట్టలేను శశికళా. తీస్కపో."

"ఔ, నాకు తెలుసు" అంది శశికళ. "వీడు పుట్టినప్పటి సంది ఎవ్వల్ని ఒక్క మాట అననియ్యలే వదినె. పంతులు గద్దిస్తె బడి మాన్పించిన. నేను తిట్టలే, ఆయన్ని తిట్టనియ్యలే. ఎవరన్న జర గట్టిగ మాట్లాడితె నా పానం నిలవదు. గిట్ల ఎన్నేండ్లు కాస్త? నా బాలకిషన్ను రోగం తీస్కపోయింది. గప్పుడు నాకు ఎవల్నో ఒకల్ని అనాలె. నువ్వు దగ్గర్నుంటివి. నీ తప్పు లేదు వదినె. లేదని నాకు గప్పుడు గూడ తెలుసు."

జయమ్మ గుమ్మంలోనే కూలబడింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. తీరా అది వచ్చాక ఏం చెయ్యాలో తెలియలేదు.

పిల్లవాడికి ఈ ఏడుపులు నచ్చలేదు. "నేను రాయి ఏసిన. నన్ను తిట్టలే!" అని కాలు నేలకేసి కొట్టాడు.

జయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వాడి గడ్డం పట్టుకుని పైకెత్తింది. అచ్చం బాలకిషన్ ముక్కు. "నీ గోలీలన్నీ ఎలుకలు ఆడుకోను! నీ మూతికి మీగడ అంటుకోను! మేనత్త ఇల్లు గింత ఆలస్యంగా యాదికొచ్చిందారా, దొంగోడా!" అంది. వాడు పకపకా నవ్వి, ఇంకొకటి తిట్టమన్నాడు. శశికళ చెంగు నోట్లో కుక్కుకుని, మొదటి తిట్టుకి కళ్ళు మూసుకుని, నాలుగోదానికి తెరిచింది.

దీపం పెట్టాక కూడా శశికళ చాదర్‌ఘాట్ మాట ఎత్తలేదు. మెల్లగా చాప తీసి పరిచింది. "ఈ రాత్రి ఈడ్నే ఉంటం వదినె. పొద్దుగాల నువ్వు గంత దూరం నడిచి రావద్దు. వీన్ని నీ పక్కలనే ఏసుకో."

ఇంద్రసేన చీకట్లో చాలాసేపు తిట్లు అడుగుతూనే ఉన్నాడు. వాడికి ఊ కొడుతూ కొడుతూ, వాడికన్నా ముందే జయమ్మ నిద్రపోయింది.