సార్ నోటుపుస్తకంలో ఎడమ పేజీ

ఇందుమూలంగా కార్వాన్‌లోని మా గల్లీ వాసులకు, చాయ్ కోసం పక్క గల్లీల నుంచి వచ్చిపోయేవారికి తెలియజేయునది ఏమనగా: ఈ వారం నుంచి చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి కప్పు అడుగుకు పోతే ఎవరి దుఃఖం వారు నిశ్శబ్దంగా అనుభవించవచ్చును. "బిస్కెట్ ముంచుడు మీ ఇంట్ల ఎప్పటిసంది ఉన్నది? మీ నాయన ముంచేదా? నువ్వు చూసినవా, ఎవరన్న చెప్తే విన్నవా?" అని అడిగేవారు ఇక లేరు. గుమ్మానికి నిమ్మకాయ కట్టుకున్నవారు కారణం చెప్పనవసరం లేదు. పిల్లల పుట్టువెంట్రుకలు గుడిలో తీయించినా, దర్గాలో తీయించినా సంజాయిషీ ఇచ్చుకునే పని లేదు.

సార్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. పదిహేనేళ్లు ఇల్లిల్లూ తిరిగి రాసిన పుస్తకం అచ్చులో చూసుకోకుండానే పోయారు.

ఆయన శిష్యులు ఒక స్మారక సంచిక వేస్తున్నారు. రాసేవాళ్లంతా డాక్టర్లే, సూది వేయని డాక్టర్లు. వాళ్ల మధ్య నన్ను కూడా రాయమని సార్ భార్య అడిగారు. ఆమెను గల్లీ అంతా అమ్మ అంటాం. నేను దుకాణాల బోర్డులు రాసేవాడిని, ఏడో తరగతి రెండుసార్లు తప్పినవాడిని. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటి అక్షరాలూ ముత్యాల్లా గీస్తాను. మూడింట్లో దేనిలోనైనా ఉత్తరం రాయమంటే చెమట పడుతుంది. కాబట్టి తప్పులుంటే డాక్టర్లు దిద్దుకోగలరు.

సార్ మా గల్లీలో కిరాయికి దిగినప్పుడు బండిలో మంచం ఒకటి, మిగతాదంతా కాగితం. కాలేజీలో చరిత్ర చెబుతారని తెలిసి, ఇక రోజూ రాజుల కథలు వినాలి కాబోలని భయపడ్డాం. ఆయన రాజుల ఊసే ఎత్తలేదు. ఉస్మాన్‌గంజ్‌లో గోనెసంచుల దుకాణం శెట్ ఇంటికి పోయి, శెట్‌ను వదిలిపెట్టి ఆయన ముసలి తల్లిని అడిగారు: "పీర్ల పండుగకు మీ ఇంట్ల షర్బత్ ఎవరు కలుపుతరమ్మా? బెల్లం ముందు ఏస్తరా, నీళ్లు ముందా?" ఆమె ముందు నవ్వింది, తరువాత రెండు గంటలు చెప్పింది. శెట్‌కు ఆ రెండు గంటల్లో తన తల్లి గురించి తెలిసినంత, అంతకు ముందు యాభై ఏళ్లలో తెలియలేదు.

నా దగ్గరికి వచ్చిన రోజు నేను ఒక మందుల దుకాణం బోర్డు రాస్తున్నాను. సార్ వెనక నిలబడి చాలాసేపు చూశారు.

"ఏం పెయింటరూ, మూడు భాషల్ల ఏది పైన రాయాల్నో ఎవరు చెప్తరు నీకు?"

"దుకాణపాయన చెప్తడు సార్. ఆయనకు ఆయన పెద్దకొడుకు చెప్తడు. కొడుక్కు ఎవరు చెప్తరో నాకెర్కలే."

సార్ చెవి మీది పెన్సిల్ తీసి ఆ ముక్క రాసుకున్నారు. నా మాట ఒకరు కాగితం మీద పెట్టడం అది రెండోసారి. మొదటిసారి పెట్టినవాడు పోలీసు.

ఆ నోటుపుస్తకంలో ఆయన కుడి పేజీ మీదే రాసేవారు, ఎవరు ఏం చెబితే అది, వాళ్ల నోటి మాటల్లోనే. ఎడమ పేజీ ఖాళీ. దండగ కదా అన్నాను.

"కుడిదిక్కు మనిషి ఏం చెప్పిండో ఉంటది. ఎడమదిక్కు ఎందుకు చెప్పిండో రాయాలె. అది గా దినమే తెల్వది" అన్నారు.

ఒక మాటను మూడుసార్లు అడిగేవారు. ఎండల్లో ఒకసారి, వానల్లో ఒకసారి, చలిలో ఒకసారి. కాలం మారితే మాట మారుతుందేమో చూడాలట. ఎవరైనా తడబడితే గద్దించేవారు కాదు. "సాక్షిని బెదిరిస్తే భయం బయటికొస్తది, నిజం రాదు" అనేవారు. పెన్ను పట్టేవారు కాదు, పెన్సిలే. చాయ్ ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేవారు, ఎందుకంటే వేడిగా ఉన్నంతసేపు ఎదుటివాడు మాట్లాడుతుంటాడు. చార్మినార్ గురించి రాయరేంది సార్ అని ఎవరో అడిగితే, "పెద్ద కట్టడాలకు కాపలా ఉన్నది. చిన్న దీపాలకు లేదు. నేను గా దీపాల చౌకీదార్‌ను" అన్నారు.

ఇప్పుడు రాయి సంగతి. మా గల్లీ మలుపులో గోడకు ఆనుకుని మోకాలెత్తు నల్లరాయి ఉంది. గురువారం సాయంత్రం దాని ముందు ఖాలా దీపం పెడుతుంది. ఖాలా అంటే రాయి పక్కింట్లో పూలు గుచ్చే ముసలావిడ. శుక్రవారం మా ఇళ్ల ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టి ఇంకో దీపం పెడతారు. రాయి ఎవరిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. సార్ అడిగితే ఖాలా పూలు గుచ్చడం ఆపకుండానే చెప్పింది, "చిరాగ్ జో రఖే, ఉనోంకాచ్ పత్థర్, బేటా." దీపం ఎవరు పెడితే రాయి వాళ్లదే అని.

గల్లీ అంతా తిరిగినా అంతకు మించి ఒక్క మాట దొరకలేదు. సార్ నోటుపుస్తకం మూసి చంకలో పెట్టుకుని, నా దుకాణం ముందు నుంచి తల వంచుకుని పోతున్నారు. పక్కన చాయ్ తాగుతున్న దోస్తులకు కన్ను గీటి, నేను పిలిచాను.

"సార్, గా రాయి కథ మా తాత చెప్పిండు."

"ఎప్పుడు?"

"సచ్చేముందట."

మా తాత నేను పుట్టకముందే పోయాడు. సార్ స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను కుంచె కడుక్కుంటూ మొదలుపెట్టాను.

"ఎన్కట గీ తొవ్వల బేహారులు వస్తుండె కద సార్, ఒంటెల మీద. గీ మూలకు ఒక అవ్వ కుండ పెట్టుకొని కూసునేదట. నీళ్ల అవ్వ. నీది ఏ కులం, నీది ఏ మతం అని అడగకపోయేది, దోసిలి పట్టుమనేది. ఒక ఏడు కరువొచ్చింది. కడాఖరి కుండ మిగిలింది. నాకు ముందంటె నాకు ముందని మనుషులు లొల్లి పెట్టుకున్నరు. అవ్వ చూసి చూసి, కుండ తీస్కపోయి ఒంటెకు తాగిపిచ్చింది. గా ఒంటె మోకాళ్లూని కూసున్న జాగలనే గీ రాయి."

దోస్తులు చాయ్ కప్పుల్లో మొహాలు దాచుకున్నారు. సార్ రాస్తూనే ఉన్నారు.

"ఒంటె పేరేంది?"

"ఒంటెకు పేరుంటదా సార్?"

"గింత చెప్పిన తాత గదొక్కటి మరిశిండా?" అన్నారు. మొహంలో నవ్వు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వానాకాలం మళ్లీ అడిగారు. నా ఒంటె రెండు ఒంటెలయింది. చలికాలం అడిగారు. అవ్వకు ఒక కన్ను లేకుండా పోయింది. ఆయన అన్నీ రాసుకున్నారు, కుడి పేజీ మీద.

ఇంతటితో అయిపోతే అది ఒక చాయ్ నవ్వు. కానీ ఆ తరువాతి ఎండాకాలం ఖాలా రాయి పక్కన కొత్త కుండ పెట్టింది, మీద గ్లాసు బోర్లించింది. నడి మధ్యాహ్నం ఒక తోపుడుబండి అతను ఆగి తాగాడు. ఎవరు పెట్టారని అడిగాడు. ఖాలా గల్లీలో అప్పటికే పాకిన నా కథ చెప్పింది, ఒంటెతో సహా. తన నానీ, అంటే అమ్మమ్మ, చెప్పిందట, చిన్నప్పుడు. అతను విని, తడి చేత్తో రాయిని తాకి కళ్లకద్దుకున్నాడు. ఎదురుగా నిచ్చెన మీద ఉన్న నా చేయి జారింది. ఆ కిరాణా దుకాణం బోర్డులో ఒక అక్షరం వంకర, ఇవాళ్టికీ అట్లాగే ఉంది. వెళ్లి చూడవచ్చు.

సార్ పుస్తకం పూర్తయింది. నయాపూల్ దగ్గర కోర్టు బయట తెలుగు మిషన్ పెట్టుకున్న ఒకాయన చేత టైపు చేయించుకొచ్చారు. మొదటి అధ్యాయం ఏ రాజుదీ కాదు, మా రాయిది. "దీంట్ల సాక్షి లేని మాట ఒక్కటి లేదు" అని నాతోనే అన్నారు. అది అచ్చయితే సూది వేయని డాక్టర్లంతా చదువుతారు. వాళ్లలో ఒక్కడు ఒంటె తోక పట్టుకుని గుంజితే చాలు, పదిహేనేళ్ల పని మీద ఉమ్మేస్తారు. నా నవ్వుకు ఆయన పరువు ధర.

ఏదైనా మూడుసార్లే అడిగే మనిషి, నన్ను నాలుగోసారి అడిగారు. "నీళ్ల అవ్వ సంగతి ఇంకేమన్న యాదికొచ్చిందా?"

"లే సార్."

"తొందర లేదు తియ్" అని వెళ్లిపోయారు.

వారం రోజులు సరిగా తినలేదు. ఒకనాడు పొద్దున్నే వెళ్లాను. సార్ గడప మీద కూర్చుని బ్లేడుతో పెన్సిల్ చెక్కుతున్నారు. నిలబడే చెప్పాను: తాత లేడు, అవ్వ లేదు, ఒంటె లేదు, అంతా నేనే పుట్టించాను అని. సార్ దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"ఒంటె కాన్నే దొరికినవ్ రా నువ్వు. మనుషుల నడుమ లొల్లి కావొద్దని నీళ్లు జంతువుకు పోసే తెలివి గీ కార్వాన్‌ల ఒక్కనికే ఉన్నది. వాడు బోర్డులు రాస్తడు."

"ఇప్పుడు పుస్తకం ఎట్ల సార్?"

"పుస్తకానికేం ఫికర్? ఏ ఆచారం ఎప్పుడు పుట్టిందో తెల్వక నేను తలకాయ పగలగొట్టుకుంటున్న. ఒక్కదానికి పుట్టిన దినం నువ్వు తెచ్చిచ్చినవ్."

అని నా ముందే నోటుపుస్తకం తెరిచి ఎడమ పేజీ మీద నాలుగు వరుసలు రాశారు. నేను గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాను. ఆ తరువాత దగ్గు ముదిరింది, పుస్తకం ఆగిపోయింది, సార్ పోయారు.

ఇక్కడ ఆపితే బాగుంటుంది. డాక్టర్లకు కూడా నచ్చుతుంది. కానీ సార్ ఉంటే, "ఇది నువ్వు చూసినవా?" అని అడిగేవారు.

చూడలేదు. ఆ పొద్దున నేను వెళ్లలేదు. గడప లేదు, బ్లేడు లేదు, ఆ నవ్వు లేదు. సార్ అన్న మాటలు కూడా నేను అల్లినవే. ఆయన పోయిన రోజు రాత్రి నుంచి పడుకున్నప్పుడల్లా అల్లుకుంటున్నాను. ఈ స్మృతిలో మిగతాదంతా జరిగింది, అదొక్కటే జరగలేదు.

జరిగింది ఇది. టైపు కాగితాలు మూడేళ్లు అలమారలో తాడుతో కట్టి ఉన్నాయి. అచ్చువేసే ఆయన రెండుసార్లు మనిషిని పంపాడు. "ఒక సాక్షి ఇంక చెప్పేదున్నది" అని సార్ తిప్పి పంపారు. ఆ మాట గల్లీలో అందరితో పాటు నేనూ విన్నాను. సాక్షి ఎవరో నా ఒక్కడికే తెలుసు. రోజూ ఆయన ఇంటి ముందు నుంచే దుకాణానికి పోయాను, రోజూ సలాం కొట్టాను, ఒక్కరోజూ లోపలికి పోలేదు. ఊరినంతా ఆడించినవాడిని, ఒక ముసలి మనిషి ముందు చిన్నబోవడానికి భయపడ్డాను.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ను తీసుకుపోతూ దారిలో దింపుడుకల్లం చేశారు. పోయిన మనిషిని ఒకచోట దింపి చెవిలో మూడుసార్లు పిలవడం మా ఆచారం. దింపింది రాయి దగ్గర. తమ్ముడు పిలిచాడు, అల్లుడు పిలిచాడు. నన్ను కూడా వంగమన్నారు. చెవి దాకా వంగాను. ఆ చెవి మీద పెన్సిల్ మచ్చ ఉంది. నా నోరు రాలేదు. ఖాలా కుండలో గ్లాసు ముంచి ఇచ్చింది, ఆ నీళ్లతోనే ఆయన పెదవులు తడిపారు. నా అబద్ధం పక్కన పెట్టిన కుండలో నీళ్లు.

నిన్న అమ్మ పిలిచి నోటుపుస్తకం చేతిలో పెట్టారు.

"అన్ని ఎడమ పేజీలు నింపిండు బిడ్డా. గీదొక్కటి ఇడిసిపెట్టిండు. 'ఎందుకు నింపలే' అని నేనడిగితే, 'అది నాది కాదు' అన్నడు. నింపితే పుస్తకం ప్రెస్సుకు పంపుత."

పెన్సిల్ కూడా తనే చెక్కి ఇచ్చారు.

కుడి పేజీ మీద మూడు కాలాల్లో నేను చెప్పిన మూడు కథలూ ఉన్నాయి. ఎడమ పేజీ తెల్లగా ఉంది. ఎందుకు చెప్పిండో రాయాల్సిన పేజీ. దోస్తులను నవ్వించడానికి అని మొదలుపెట్టి కొట్టేశాను. రెండోసారి ఇలా రాశాను: "ఆ రోజు సార్ ఎవరూ ఏమీ చెప్పలేదని పుస్తకం మూసుకుని పోతుండె. అప్పటిదాకా ఆయన తప్ప నన్ను ఎవరూ ఏదీ అడగలే. ఒక కథ చెప్తే మళ్లీ వచ్చి అడుగుతడని చెప్పిన."

రాసి దుకాణానికి పోతుంటే మలుపులో ఖాలా కుండ కడిగి నీళ్లు నింపుతోంది. దాని మీద గ్లాసు బోర్లించి, నన్ను చూసి, మళ్లీ తీసి నీళ్లు ముంచి నా వైపు చాపింది.