టేపులో మిగిలిన సముద్రపు గాలి

బుల్లీ, ఇవాళ శుక్రవారం. మీ నాన్నకి డ్యూటీ లేదు. అయినా ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంది.

మన శుక్రవారం ప్రార్థన కూడికలో పంచే కాగితాల కోసం మా అమ్మాయి బుల్లి గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఇంగ్లండులో చదువుకుంటున్న మా ఒక్కగానొక్క పిల్ల పోయిందన్న కబురు బుధవారం మధ్యాహ్నం ఫోన్లో వచ్చింది. మా ఆయన ప్లాంటులో ఉన్నారు. అవతల ఎవరో ఆవిడ ఇంగ్లీషులో మెల్లగా, మర్యాదగా మాట్లాడుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గోడ మీద గట్టిగా కొట్టి, పక్క క్వార్టర్లో ఉండే మలయాళీ ఆవిడని పిలిచాను. ఆవిడ ఫోన్ వింటూ వింటూ నా చెయ్యి పట్టుకుంది. ఒక్క రోజు జ్వరమట. మెదడుకి పాకిందట. పంతొమ్మిదేళ్ళు.

పిల్లని గోదావరి పక్కన మా ఊళ్ళోనే సమాధి చేసి, మళ్ళీ ఈ ఖతార్‌కి, ఈ మెసయీద్‌కి వచ్చి పడ్డాం. ఆయన షిఫ్టుకి వెళ్ళిపోతే నాకు ఏసీ చప్పుడే తోడు.

ఉత్తరాలు చదవడం నాకు కష్టమని తను క్యాసెట్లు పంపేది. మీ ఇళ్ళల్లోనూ ఉన్న అలవాటే. ఒక వైపు తన మాటలు నింపి, రెండో వైపు నా కోసం ఖాళీగా వదిలేది. నేను క్యాసెట్ తిప్పి, ఎర్ర బటన్ నొక్కి, నా కబుర్లు చెప్పి పంపేదాన్ని. అదే క్యాసెట్ మళ్ళీ కొత్త మాటలతో వచ్చేది. పాత మాటల మీదే కొత్త మాటలు. అందుకే నా దగ్గర దాచుకున్నవేమీ లేవు. ఉన్నది ఆఖరి క్యాసెట్ ఒక్కటే.

ఏ క్యాసెట్ అయినా ఒక్కలాగే మొదలయ్యేది. "అమ్మా, తిన్నావా?" అని అడిగి ఆగేది. నేను జవాబు చెప్పడానికని కాస్త చోటు వదిలేది. ఖాళీ ఇంట్లో నిలబడి నేను "తిన్నానే" అనేదాన్ని. "ఏం కూర?" అనేది అప్పుడు. మళ్ళీ ఆగేది. ఎవరైనా చూస్తే నవ్విపోతారని తలుపు వేసుకుని మరీ మాట్లాడేదాన్ని.

భయం లేని పిల్ల. కువైట్ యుద్ధం నాడు నేను మూల కూర్చుని ప్రార్థన చేస్తుంటే, తను స్టూలెక్కి కిటికీ అద్దాలు పగిలి మీద పడకుండా టేపు అంటించి, "దేవుడు నీ మాట వింటాడు, నేను అద్దాల సంగతి చూస్తా" అంది.

ఆఖరి క్యాసెట్లో స్నేహితురాళ్ళతో సముద్రపు కొండ అంచున రోజంతా నడిచిన సంగతి చెప్పింది. రికార్డరు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. "మన గోదావరి గట్టు కాదమ్మా ఇది. తాటిచెట్టు మీద తాటిచెట్టు, అలా పది నిలబెడితే అంత ఎత్తు. కింద సముద్రం తెల్లగా నురగ కక్కుతోంది" అంది. "అంచుకి వెళ్తే కిందకి చూడకూడదంటారు గానీ, చూడ్డానికే కదా ఎక్కింది!" అని నవ్వింది.

ఆ నవ్వు వినగానే టక్కున ఆపేశాను. మొత్తం వినలేదు. కోపంలో క్యాసెట్ తిప్పడం మరిచి, వెనక్కి జరిపి, తన వైపునే ఎర్ర బటన్ నొక్కాను. "ఆడపిల్లవి, కొండ అంచున నీకేం పనే? చదువుకోమని పంపితే ఇదా చదువు? కాలు జారితే మేమేమైపోవాలి?" కోపం అయిపోయేదాకా తిట్టాను. గురువారం దోహా వెళ్ళినప్పుడు పోస్టు చేద్దామన్నారు మా ఆయన. బుధవారమే ఫోన్ వచ్చింది.

ఊరినుంచి వచ్చాక తన గొంతు విందామని పెడితే నా గొంతు వచ్చింది. ఏం చేశానో అప్పుడు తెలిసింది. "తిన్నావా" పోయింది. తాటిచెట్లు పోయాయి. నవ్వు పోయింది. వాటి మీద నా తిట్లు. క్యాసెట్ బయటికి లాగి తెంపబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ."

"నా తిట్లెందుకండీ ఉండడం?"

"అవీ దాని కోసమే కదే. చివరిదాకా విన్నావా అసలు?"

వినలేదు. ఆయనే బటన్ నొక్కారు. నా తిట్లన్నీ పక్కపక్కన కూర్చుని విన్నాం. టక్‌మని ఒక చప్పుడు. ఒక్కసారిగా గాలి. ఎంత గాలో! ఆ గాలిలోంచి నా పిల్ల. "అమ్మా, ఈ తెల్లపిల్లకి నీ కందిపొడి అన్నం ముద్ద పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు! అయినా సిగ్గులేకుండా మళ్ళీ చెయ్యి చాపుతోంది." వెనక ఎవరో దగ్గుతూ నవ్వుతున్నారు.

ఆ కొండగాలే నా పిల్లకి జ్వరం తెచ్చిందని పగబట్టి ఉన్నాను. ఆ తెల్లమ్మాయే ఉత్తరం రాసింది, తర్వాత రెండు వారాలు హుషారుగానే ఉందనీ, గాలికి వచ్చే జబ్బు కాదని డాక్టరు చెప్పాడనీ. మా ఆయన రెండుసార్లు చదివి తెలుగులో చెప్పారు. నా తిట్లు తను వినకుండానే వెళ్ళింది. అందుకు దేవుడికి స్తోత్రం. కానీ నా గొంతు కూడా వినకుండా వెళ్ళింది.

క్యాసెట్ చివర ఇలా ఉంది. "మేం ఇక్కడ గడ్డిలో కూర్చుని తింటున్నాం. నువ్వూ పళ్ళెం తెచ్చుకోమ్మా. తెచ్చుకున్నావా?" తర్వాత మాట లేదు. టేపు అయిపోయేదాకా గాలే. నా జవాబు కోసం వదిలిన చోటు అది.

ఇన్నాళ్ళూ సరిగా తినలేదు నేను. ఇప్పుడు మధ్యాహ్నం పూట అన్నం వడ్డించుకుని, రికార్డరు ఎదురుగా పెట్టుకుంటున్నాను. గాలి రాగానే "తెచ్చుకున్నానే" అంటాను. ఆ గాలి ఆగేలోపు పళ్ళెం ఖాళీ చెయ్యాలని చూస్తాను, అవదు.

మీరు మాత్రం వేళకి కడుపునిండా తినండి.