వచ్చే తోవ ముందు చెప్పు

పొద్దున్నే కాలువ తూము దగ్గర మడికి నీళ్లు మళ్లిస్తుంటే ఫోన్ మోగింది. మా ఉస్తాద్ కూతురు. "కాకా, నాయిన పోయిండు" అంది. ఛాతీలో నొప్పి అన్నాడట. నకిరేకల్ దవాఖానకు చేర్చేలోపే అయిపోయిందట. పార గట్టు మీదే వదిలేసి హాలియాలో బస్సెక్కాను. దారి పొడవునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అదే ఉంది. పోయినవాళ్ల గురించి మంచిగా, నెమ్మదిగా రాయాలంటారు. మంచిగానే రాస్తాను. నెమ్మదిగా రాయడం నా వల్ల కాదు.

పట్టాళంలో శిక్షణ ఇచ్చేవాణ్ణి ఉస్తాద్ అంటారు. కమాండో దళంలో మాకు ఆయన దాడికి ముందు జరగాల్సిన పని నేర్పేవాడు. సమాచారం ఎలా తేవాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి, ప్లాన్ ఎలా వేయాలి అన్నది ఆయన పాఠం. తుపాకీ కాల్చడం నేర్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎప్పుడు బయల్దేరకూడదో నాకు నేర్పింది ఆయనొక్కడే.

నకిరేకల్ పక్క పల్లె ఆయనది. తల్లిదండ్రులు కూలికి పోయి చదివించారు. క్లాసులో హిందీ మాట్లాడేవాడు, మా జిల్లాల వాళ్లతో మాత్రం మన భాషే. మట్టి కుప్పలతో కొండలు చేసి, సుద్దపొడితో వాగు గీసి, అగ్గిపెట్టెలను ఇళ్లుగా పెట్టేవాడు. ఒకసారి నన్ను ఒక ఖాళీ క్వార్టర్ మీద నిఘాకు పంపాడు. తిరిగొచ్చి "లోపట నలుగురున్నరు ఉస్తాద్" అన్నాను.

"నలుగురిని చూసినవా?"

"లేదు. నాలుగు జతల చెప్పులు కనవడ్డయి."

"గట్ల చెప్పు. చెప్పులు చూసినవ్, మనుషులను అనుకున్నవ్. ఆ రెంటికి నడుమ ఎవడో ఒకడు సస్తడు."

ప్లాన్ చెప్పమన్నప్పుడు మేం ఉత్సాహంగా ఎట్లా దూకాలో మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు. "పోయే తోవ అందరు చెప్తరు. వచ్చే తోవ ముందు చెప్పు."

సెలవుల్లో ఉన్నా ఆ అలవాటు పోయేది కాదు. మా ఇంట్లో పెళ్లికి వచ్చి, తలుపు కనబడే చోటు వెతుక్కుని కూర్చుంటే ఆయన భార్య, మా వదినె, నవ్వింది. "పెండ్లికొచ్చినవా, కాపలకొచ్చినవా?" అంది. ఆయన చాయ్ సాసర్లో పోసుకున్నాడు.

దళంలో మా ఇద్దరితో పాటు కోస్గి దగ్గరి కుర్రాడొకడు ఉండేవాడు, తమ్ముడని పిలిచేవాళ్లం. ఇంటి నుంచి వేయించిన పల్లికాయ వస్తే ముందు ఉస్తాద్ జేబు నింపి, తర్వాత మాకు పంచేవాడు. వాడికి తండ్రి లేడు. ఉస్తాద్‌నే ఆ జాగాలో పెట్టుకున్నాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మేం సరిహద్దు కొండల్లో ఉన్నాం. వాగు అవతలి ఇంట్లో తీవ్రవాదులు దాగారని కబురొచ్చింది. రెండు వైపుల నుంచి వచ్చింది కాబట్టి నిజమేనన్నాడు మా కమాండర్. ఉస్తాద్ ఆ రెండు కబుర్లు ఎక్కడ పుట్టాయో ఆరా తీశాడు. రెండూ ఒక్క గొర్రెల కాపరి చెప్పినవే. అతని మాట ఇద్దరు విని, ఎవరికి వారుగా మాకు చేరవేశారు. ఉస్తాద్ అందరి ముందూ లేచి నిలబడ్డాడు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"సాబ్, ఇవి రెండు కబుర్లు కావు, ఒక్కటే. ఆ ఇంటిని మనవాళ్లెవరూ కళ్లతో చూడలేదు. ఇంకొక్క రోజు కాపు కాద్దాం. పోయిన దారినే తిరిగి రావడం కూడా మంచిది కాదు" అన్నాడు హిందీలో.

కమాండర్ నవ్వాడు. మరునాడు పైనుంచి పెద్దాఫీసర్ వస్తున్నాడు. ఆయనకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి. "భయమైతే నువ్వు ఉండిపో" అన్నాడు.

ఉస్తాద్ ఉండిపోలేదు. అందరికంటే ముందు నడిచాడు.

ఇల్లు ఖాళీ. పొయ్యిలో బూడిద ఎప్పటిదో. పోయిన దారినే తిరిగి వస్తుంటే వాగు దగ్గర మా మీద కాల్పులు మొదలయ్యాయి. నా వెనక నడుస్తున్న కోస్గి తమ్ముడు కూలిపోయాడు. ఉస్తాద్ వాణ్ణి భుజాన వేసుకుని క్యాంపు దాకా మోశాడు. దించేసరికి ప్రాణం లేదు.

తర్వాత విచారణ పెట్టారు. సమాచారాన్ని అంచనా వేయడంలో హవల్దార్ పొరపాటు చేశాడని తేల్చారు. హవల్దార్ అంటే మా ఉస్తాదే. గదిలో ఉన్న పెద్దలెవరికీ ఆయన అభ్యంతరం గుర్తులేదట. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. "మీ ఇద్దరిదీ ఒకటే జిల్లా కదా" అని నా మాట పక్కన పెట్టారు. ఆయనకు మళ్లీ ప్రమోషన్ రాలేదు. హవల్దార్‌గానే ఇంటికొచ్చి, హైవే పక్కన పత్తి మిల్లుకు కాపలా ఉన్నాడు.

పట్టాళం వాళ్లు కోస్గి తమ్ముడి తల్లికీ అదే కథ చెప్పారు. ఏటా కొడుకు పోయిన రోజున ఉస్తాద్ బస్సులు మారి ఆమె ఇంటికి పోయేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. ఆమె గడప దిగలేదు. "నీ మాటకే నా కొడుకు పోయిండు. ఏం మొకం పెట్టుకొని వస్తవ్?" అంది. ఆయన తల వంచుకుని విన్నాడు. చేతులు జోడించి వెనక్కి తిరిగాడు.

కోస్గి బస్టాండులో నేను ఆయన మీద అరిచాను. "జరిగింది ఎందుకు చెప్పవు ఉస్తాద్?"

"పొరపాటయి పోయిండంటె ఏడుస్తది, ఎన్నడో ఒకనాడు ఊకుంటది. వద్దన్నా తెల్సి తెల్సి పంపిన్రంటె ఎట్ల బత్కుతది? నన్ను తిట్టుకోనీ."

"మరి నీ ఇజ్జత్?"

"నీకెరుక, మీ వదినెకెరుక. సాలు."

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. ప్రతి కబురునూ గీటురాయి మీద పెట్టి చూసిన మనిషి, తన మీద పడ్డ అబద్ధాన్ని మాత్రం ఊళ్లు తిరగనిచ్చాడు. నా కోపంలో ఆయన వాటా కూడా ఉంది.

ఆయన్ని మట్టి చేసిన పది రోజులకు వాళ్ల పల్లె చర్చిలో ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. మాజీ సైనికుల సంఘం పెద్దమనిషి లేచి, రిటైరైన మా కమాండర్ ఫోన్‌కు పంపిన సందేశాన్ని తెలుగులో చదివాడు. మంచి సైనికుడట. జీవితంలో ఒకే ఒక్క పొరపాటు చేశాడట. "దాన్ని మేమందరం ఎప్పుడో క్షమించాం" అని ముగించాడు.

క్షమించారట! వదినె కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక్కి చూస్తే తలుపు పక్కన కోస్గి తల్లి కూర్చుని ఉంది. ఉస్తాద్ కూతురు కబురు పెట్టిందట. వస్తుందని ఎవరూ అనుకోలేదు.

నేను లేచాను. "అన్నా, తర్వాత మాట్లాడుకుందాం, కూర్చో" అన్నాడు పాస్టర్. "చెప్పనీయిండ్రి" అంది వదినె. ఆ గదిలో ఉస్తాద్ అన్న మాటలు, కమాండర్ అన్న మాట, ముందు ఎవరు నడిచారో, ఎవరు మోశారో అంతా చెప్పాను. చూసింది మాత్రమే చెప్పాను.

ఆ తల్లి మెల్లగా ముందుకొచ్చింది. "వద్దన్నోడు వాళ్ల ఎంబడి ఎందుకు పోయిండు?" అంది.

"పోరగాండ్లు పోతాంటె ఈయన ఊకుంటడా అక్కా?" అంది వదినె.

 ఆమె పెద్దమనిషి వైపు చెయ్యి చాపింది. "ఆ క్షమించినాయనకు ఫోన్ కలుపు." ఆయన నసిగాడు. ఆయన ఫోన్ తీసుకుని నేనే కలిపి, స్పీకర్ పెట్టి ఆమెకిచ్చాను.

"కోస్గి నుంచి మాట్లాడుతున్న. నీ దగ్గర పని జేసి సచ్చినోని తల్లిని. నేనైతె నిన్ను క్షమించలే."

"కౌన్? కౌన్ బోల్ రహా హై?" అంది అవతలి గొంతు. ఆయనకు తెలుగు రాదు, నేను హిందీలో చెప్తానని ఆమెతో అన్నాను.

"వద్దు. సమజయితది" అని, అదే మాట మళ్లీ నింపాదిగా అంది. అవతల ఫోన్ పెట్టేశారు.

కూడిక అయ్యాక ఆమె సమాధి చూపమంది. చర్చి వెనక ఎర్రమట్టి కుప్ప, మీద ఎండిన బంతిపూలు. వానకు తడిసి ఎండకు గట్టిపడి మట్టి పెళ్లలు కట్టింది. ఆమె చెప్పులు విడిచి పక్కన కూర్చుంది. ఒక పెళ్ల తీసుకుని చేతుల్లో నలిపి పొడి చేసి మళ్లీ అక్కడే వేసింది. ఇంకొకటి తీసింది. కాసేపటికి వదినె కూడా ఆమె పక్కన కూర్చుంది. నారు పోసే మడిని సాపు చేసినట్టు ఇద్దరూ తల నుంచి కాళ్ల దాకా ఆ మట్టిని మెత్తగా చేస్తూ ఉన్నారు.