కడియాలు తీసిన కాళ్లు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టిందంటే అదీ ఒక కారణమే. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరి మీద కోపం ముంచుకొచ్చేది. కంపెనీ మీద, డాక్టరు గారి మీద, ఆఖరికి చనిపోయిన ఆ మనిషి మీద కూడా. అందరినీ తిట్టుకోవడం అయిపోయింది. ఇక నా వంతు మిగిలింది.

తొంభైల ఆఖరు రోజులవి. అనంతపురం జిల్లా నుంచి ఫార్మసీ చదువుకుని వచ్చిన నాకు, జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఉన్న ఒక మందుల కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. ఫ్యాక్టరీలో కూర్చునే పని కాదు. మాదాపూర్ దాటి రాయదుర్గం వైపు వెళ్లే దారిలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని, నన్ను అక్కడ పెట్టారు. ముందు గదిలో రెండు బెంచీలు. లోపలి గదిలో డాక్టరు గారి బల్ల, బీపీ మిషను, నా బీరువా. చుట్టూ గుట్టలు. ఆ గుట్టల్ని పేల్చి ఆఫీసులు కడుతున్నారు. రోజూ మధ్యాహ్నం కూలీలు అన్నాలకు దిగాక ఎవరో ఈల వేసేవాళ్లు. కాసేపు పిట్ట కూత కూడా వినబడేది కాదు. తర్వాత నేల కదిలేది, బీరువా తలుపులు గడగడలాడేవి. మొదటి వారం చెవులు మూసుకున్నాను. తర్వాత ఈల వినబడగానే టీ గ్లాసు గట్టిగా పట్టుకోవడం అలవాటైంది.

మేం పరీక్షించి చూస్తున్నది మోకాళ్ల అరుగుదలకు మందు. అరిగిపోయిన గుజ్జును తిరిగి తెచ్చే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నొప్పిని అణిచే మాత్రలే ఉండేవి. అవి కడుపును పాడుచేసేవి. నెలల తరబడి మింగిన వాళ్లకు పుండ్లు పడి రక్తం పోయేది. కడుపు జోలికి పోకుండా నొప్పిని మాత్రం తగ్గించే కొత్త రకం మాత్ర కోసం దేశదేశాల కంపెనీలు పోటీ పడుతున్న కాలం. మా కంపెనీకీ ఒకటి దొరికింది. జంతువుల మీద చూశారు, ఆరోగ్యంగా ఉన్న మనుషుల మీద చూశారు, ఇక నిజంగా మోకాళ్లు అరిగిన వాళ్ల మీద చూడాలి. సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి పాత మాత్ర. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికి తెలియదు, డాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు.

మోకాళ్లు అరిగిన వాళ్లకు ఆ గుట్టల్లో కొదవేముంది. రాళ్లు కొట్టీ, మోసీ, యాభై దాటకముందే గోడ పట్టుకుని నడిచే ఆడవాళ్లు పదిహేను రోజులకోసారి మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుని బెంచీల మీద వరసగా కూర్చునేవాళ్లు. వాళ్లను ప్రశ్నలడిగి ఫారం నింపడం నా పని. ఫారం ఎక్కడో బయటి దేశంలో తయారైంది, తెలుగు చేసింది నేను. "కుర్చీలోంచి లేవడం కష్టంగా ఉందా?" అని అడిగితే "కుర్చీ ఏడిది బిడ్డా మా ఇంట్ల?" అని అందరూ నవ్వేవాళ్లు. కడుపులో మంటా, పుల్లటి తేన్పులా, నల్లటి విరేచనమా అంటూ కడుపు గురించి ఒక పేజీ నిండా ప్రశ్నలుండేవి. కాళ్ల వాపు గురించి ఒక్కటే ప్రశ్న, అట్టడుగున. అందరి భయమూ కడుపు మీదే ఉండేది మరి.

ఆమె రాయదుర్గం మనిషి. యాభై ఐదో, అరవయ్యో, ఆమెకే తెలియదు. పెళ్లయిన నాటి నుంచి మొగుడితో కలిసి కంకర కొట్టింది. మొదటి రోజు బెంచీ మీద నుంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి, పళ్లు బిగించి, మూడుసార్లు ప్రయత్నించింది. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయమంటే మాత్రం చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"గిది భూమి కాయితమా?" అంది.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఇంకు ప్యాడు బయటికొస్తే ఎవరిదో ఒకరి పొలం పోవడమే. వాళ్లదీ అట్లాగే పోయిందట. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కాగితమంతా చదివి వినిపించాను. "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు పెద్దమ్మా, ఇదిగో, ఇక్కడే రాసుంది" అన్నాను.

"నొప్పి పోతే మానేసుడు ఎందుకు?" అంటూ వేలు ముంచింది.

నొప్పి పోయింది. నెల తిరిగేసరికి ముందు గదిలో అందరి ముందూ గొంతుకూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచి చూపించింది. "చూస్తివా బిడ్డా?" అని నా గడ్డం పట్టుకుంది. బెంచీ మీద ఆడవాళ్లు ఈలలు వేయడమొక్కటే తక్కువ. నాకైతే గర్వంతో కళ్లు తడిశాయి. మాత్ర నేనే కనిపెట్టినంత గొప్పగా అనిపించింది, అంత వెర్రిదాన్ని. ఆ వారమే ఆమెకు కొత్తగా లేచిన పెద్ద ఆఫీసు భవనంలో ఊడ్చే పని దొరికింది. ఎండలో కంకర కొట్టిన మనిషికి నీడన పని. ఒకటే చిక్కు. నాలుగో అంతస్తు, ఊడ్చే వాళ్లను లిఫ్టు ఎక్కనివ్వరు. మెట్లు ఎక్కగలిగినన్నాళ్లే పని. మాత్ర ఉన్నన్నాళ్లే మెట్లు.

ఆ తర్వాతిసారి వచ్చినప్పుడు ఆమె మొహం కాస్త ఉబ్బి ఉంది. నిద్ర ఎక్కువైందంది. ఆ పైసారి వచ్చినప్పుడు కాళ్లకు కడియాలు లేవు.

అక్కడి పెద్ద ఆడవాళ్ల కాళ్ల కడియాలు మామూలుగా తీసేవి కావు. పెళ్లప్పుడు వేసి, కొట్టి మూసేస్తారు. తీయాలంటే కంసాలి తెరవాలి. ఆమె చీర కుచ్చెళ్ల కింద, చీలమండ చుట్టూ, కడియం ఉండిన చోట తెల్లటి లోతైన గాడి కనబడింది. దానికి పైనా కిందా చర్మం నిగనిగలాడుతోంది.

"కడియాలేవి పెద్దమ్మా?"

"కోడలికిచ్చిన. నాకెందుకు ఇగ?"

"కాళ్లు వాచాయా?"

"లేదు బిడ్డా. మంచిగున్న."

వాపు చూడాలంటే బొటనవేలితో నొక్కాలి. గుంట పడి అట్లాగే ఉండిపోతే లోపల నీరు చేరినట్టు, గుండె మీద భారం పడుతున్నట్టు. డాక్టరు గారు కాకినాడ వైపు మనిషి, రిటైరై వచ్చినవారు, పెద్దవయసు ఆడవాళ్ల చీర అంచు ఎత్తమని అడగడానికి మొహమాటపడేవారు. కాళ్లు చూసే పని నాకే వదిలేశారు. నేను వంగి చెయ్యి చాపాను. ఆమె రెండు కాళ్లూ చీరలోకి లాగేసుకుంది.

"నా కాళ్లు ముట్టుకుంటవా బిడ్డా? సదువుకున్న పిల్లవి. వద్దు, నాకు పాపం తగులుతది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతే జరిగింది. ఆ మర్యాద నాకు అర్థమయ్యే మర్యాద, మా ఇంట్లోనూ అంతే. పట్టుబడితే ఆమెను అవమానించినట్టవుతుందనుకున్నాను. ఇంకో మాట కూడా రాయాలి. కడియాలు కోడలికివ్వడం అబద్ధమని నాకు ఆ నిమిషమే తెలుసు. వాపని రాస్తే మాత్ర ఆపేస్తారని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి నాకు తెలుసు. మర్నాడు జీడిమెట్ల నుంచి ఫారాలు చూడటానికి మనిషి వస్తాడు, మా దగ్గర ఒక్కరు కూడా మధ్యలో మానలేదని ప్రతిసారీ మెచ్చుకుని వెళ్తాడు.

లోపలి గదిలోంచి డాక్టరు గారి గొంతు వినబడింది. "బీపీ కాస్త పెరిగిందండీ ఈమెకు. వాపేమైనా ఉందా?"

"లేదు సార్" అన్నాను, ఫారంలోనూ అదే రాశాను.

"అయితే ఉప్పు తగ్గించమని చెప్పండి" అని ఆయన సంతకం పెట్టారు. ఆమె నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది, నేనేదో గొప్ప సాయం చేసినట్టు. కొత్త డబ్బా ఇచ్చి పంపాను. ఆ రోజు బయట ఈల వినబడినప్పుడు టీ గ్లాసు పట్టుకోవడం మరిచిపోయాను, సగం టీ ఫారాల మీద ఒలికింది.

వారం తర్వాత బస్సులో వస్తుంటే ఆమె కనబడింది. ఎత్తు మీద, రాతికి చెయ్యి ఆనించి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. భుజాలు పైకీ కిందకీ కొట్టుకుంటున్నాయి. కిటికీలో నన్ను చూసిందో ఏమో, చటుక్కున చెయ్యి తీసేసి, నడుం నిలబెట్టి గబగబా నడవడం మొదలుపెట్టింది. దిగుదామనుకున్నాను. దిగి ఏం చెప్పాలో తోచక సీట్లోనే ఉండిపోయాను. డాక్టరు గారు బంధువుల పెళ్లికి వెళ్లారు, మూడు రోజుల్లో వస్తారు. రాగానే చెప్పేద్దామనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆమెతోపాటు ఊడ్చే ఇంకొకామె మాత్రల కోసం వచ్చింది. బెంచీ మీద కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"ఆమె లేదమ్మా. మొన్న పొద్దుగాల మెట్ల మీదనే కూలవడ్డది. దమ్ము ఆడలేదు. దవాఖానకు తీస్కపోయేటాల్లకే పాయె. ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరినయంట."

డాక్టరు గారు రాగానే మొత్తం చెప్పాను. కడియాలు, గాడి, నేనన్న అబద్ధం. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నా చేతిరాతలో ఉన్న ఆ "లేదు" వైపు చూశారు. కోప్పడితే బాగుండేది. "ఆమెది ముందునుంచీ బలహీనమైన గుండె కావచ్చండీ. మాత్ర వల్లో కాదో మనం చెప్పలేం" అన్నారు. కంపెనీకి ఉత్తరం రాశారు. జవాబు వచ్చేదాకా మిగతా వాళ్లకు మాత్రలు ఆపవద్దని కంపెనీ వాళ్లు ఫోన్లో చెప్పారట. "ముందు ఆవిడ ఇంట్లో మిగిలిన మాత్రలు తెచ్చేయండి, రూలది" అన్నారు డాక్టరు గారు.

వెళ్లాను. రెండు బండల మధ్య రేకుల ఇల్లు. ఆమె మొగుడు గడప దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, ముడుచుకునే వీల్లేని మోకాళ్లు. కోడలు నన్ను గుర్తుపట్టి, నేను అడగకముందే దేవుడి గూట్లోంచి డబ్బా తెచ్చింది. దానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మూత తీసి చూస్తే ఉండాల్సిన వాటికంటే తక్కువ ఉన్నాయి.

"దమ్ము ఆడకుంటే ఇంకోటి ఏసుకునేదక్కా" అంది కోడలు. "గీ గోళీతోనే గదా నడుస్తున్న, గీ గోళీయే దమ్ము గూడ ఇస్తది అనేది."

నేను డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే ముసలాయన నా చేతుల్నే చూశాడు.

"మనిషే పాయె. గోళీలు గూడ తీస్కపోతవా బిడ్డా?"

"రూలు పెద్దయ్యా" అన్నాను.

"అయితే నా పేరు రాసుకో. నాకు గూడ మోకాళ్లే. మా ఆమె ఎంత మంచిగ నడుస్తుండె, నువ్వు చూస్తివి గదా!"

అప్పుడు చెప్పాల్సింది. "సోమవారం రా పెద్దయ్యా, చూద్దాం" అని లేచి వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆయన రాడనుకున్నాను. సోమవారం నేను తాళం తీసేసరికే గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చారు, ఆయన్ను పలకరించి, చోటిచ్చి, పోయినామె గురించి కాసేపు ముక్కు చీదుకున్నారు. నా ఫారం మీద మొదట ఆయన పేరు రాయాలి. కలం ఎత్తాను, రాయలేకపోయాను. ఆయన ముందు కింద కూర్చుని, గొంతు తగ్గించి, అంతా చెప్పేశాను. కాళ్లు వాచాయని నేను చూసి కూడా దాచానన్నాను. ఆ మాత్రల వల్లే పోయిందేమో పెద్దయ్యా, నన్ను కొట్టినా పడతానన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన అరవలేదు. తల తిప్పి బెంచీల మీది వాళ్లను, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఒక్కొక్కరినీ చూశాడు.

"మరి గీ ముచ్చట ఈళ్లకు చెప్పినవా బిడ్డా?" అన్నాడు.

చెప్పలేదు. బెంచీల మీద ఏడుగురున్నారు, అందరి ఒళ్లోనూ డబ్బాలున్నాయి. మాటలు ఆపేసి నా వైపే చూస్తున్నారు.